చేతులు మారిన బ్రాట్‌వుర్స్ట్ కొట్టు

ఇల్మెనావు విశ్వవిద్యాలయంలో నాతో చదువుకుని ఇప్పుడు మ్యూనిక్‌లోనో హైదరాబాదులోనో స్థిరపడిన స్నేహితులు ఫోను చేసినప్పుడు, పిల్లల చదువులూ అమ్మానాన్నల ఆరోగ్యాలూ మాట్లాడుకున్నాక తప్పకుండా అడిగే మాట ఒకటుంది. "పెద్దాయన కొట్టు ఇప్పుడెలా ఉంది?" అని. బొగ్గుల మీద సాసేజీలు కాల్చి అమ్మే బ్రాట్‌వుర్స్ట్ కొట్టు అది, పెట్టి నడిపింది పెద్దాయన. 2023 వసంతంలో ఆ కొట్టు చేతులు మారింది. అప్పటి నుంచి ఈ ప్రశ్న ఆగలేదు. బాగుందనో పోయిందనో ఒక్క ముక్కలో చెబితే అబద్ధం చెప్పినట్టవుతుంది. ఈ రెండున్నరేళ్ళలో నేను అక్కడ తిన్నదీ చూసినదీ వివరంగా రాస్తేనే న్యాయం.

తెలియనివాళ్ళకు ముందు చోటు చెబుతాను. జర్మనీకి నడిబొడ్డున ఉన్న రాష్ట్రం థురింగియా. అందులో ఆర్న్‌స్టాట్ నుంచి ఇల్మెనావుకు వెళ్ళే చిన్న రైలు కాసేపు గేరా నది వెంట, కాసేపు అడవి కొండల మధ్య నడుస్తుంది. ఆ దారిలోని ఒక చిన్న ఊళ్ళో, స్టేషనుకూ చర్చికీ మధ్య, నల్లరాతి పలకల కప్పుతో ఒక చిన్న కట్టడం ఉంది. ముందు ఒక కిటికీ. కిటికీ పక్కన ఆరుబయట ఇనుప కమ్మీలు పరిచిన బొగ్గుల పొయ్యి. నిలబడి తినడానికి రెండు ఎత్తు బల్లలు. పాత రోజుల్లో కొట్టంటే అంతే. ఈ పొయ్యిని ఇక్కడివాళ్ళు రోస్ట్ అంటారు. నిప్పు రాజుకున్న రోజు "రోస్ట్ బ్రెంట్" అని పలక మీద రాసి బయట పెడతారు. పొయ్యి మండుతోంది, రండి అని అర్థం. ఈ రాష్ట్రంలో ఆ రెండు మాటలు చాలు, జనం వాళ్ళంతట వాళ్ళే వస్తారు.

అక్కడ దొరికేది థురింగియా బ్రాట్‌వుర్స్ట్. పంది మాంసాన్ని మరీ మెత్తగానూ మరీ బరకగానూ కాకుండా కైమా చేసి, ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి, సీమజీలకర్ర, మరువం కలిపి సన్నటి పేగులో కూరిన సాసేజీ ఇది. దాదాపు జానెడు ఉంటుంది. 2003 నుంచి ఐరోపా సమాఖ్య ఈ పేరుకు భౌగోళిక గుర్తింపు ఇస్తోంది. కనీసం 15 సెంటీమీటర్ల పొడవు ఉండాలని అందులో నియమం. ఆర్న్‌స్టాట్‌లోని ఒక సన్యాసినుల మఠం 1404 జనవరి 20న రాసుకున్న ఖర్చుల లెక్కలో, బ్రాట్‌వుర్స్ట్ కోసం పేగులకు ఒక గ్రోషెన్, అంటే అప్పటి వెండి నాణెం, అయినట్టు ఉంది. వైమార్‌లో 1432 నాటి కట్టడి ఒకటి, ఇందులో శుభ్రమైన తాజా మాంసమే వాడాలనీ తప్పినవాళ్ళు 24 ప్ఫెన్నిగ్‌ల (చిల్లర నాణేలు) జరిమానా కట్టాలనీ చెబుతుంది. ఆర్న్‌స్టాట్ ఈ కొట్టున్న ఊరికి రైల్లో కొద్ది నిమిషాల దూరం. ఆరు వందల ఏళ్ళుగా ఈ తిండిని లెక్కలు రాసి, జరిమానాలు వేసి కాపాడుకున్న జనం మధ్య ఒక కొట్టు యజమాని మారితే, ఆ మాట మంగలి షాపు నుంచి చర్చి మెట్ల దాకా నడుస్తుంది. రెండేళ్ళుగా నడుస్తూనే ఉంది.

మరువం అన్నాను కదా, అది మన మరువమే. 2014 జనవరిలో, ఇక్కడికి చదువుకు వచ్చిన మొదటి చలికాలంలో, ఆ కిటికీ ముందు నిలబడి మొదటి బ్రాట్‌వుర్స్ట్ తిన్నాను. పెద్దాయన బన్నును పక్కగా చీల్చి, పట్టకారుతో సాసేజీని అందులో పెట్టి, దాని మీద ఆవముద్దను ఒక గీతలా వేసి ఇచ్చారు. సాసేజీ రెండు కొసలూ బన్ను దాటి బయటికి ఉన్నాయి. మొదట బన్ను జోలికి పోకుండా ఆ కొసను కొరకాలని ఆయనే చేత్తో చూపించారు. పేగు చిటుక్కున తెగింది. వేడి రసం, దాని వెంట పొగ, ఆ పొగ వెనక మరువం. మా అమ్మమ్మ మల్లెల మధ్య మరువం రెమ్మలు పెట్టి దండ కట్టి నా జడలో తురిమిన వాసన అది. ఎండాకాలపు సాయంత్రాలకు చెందిన ఆ వాసన, వేళ్ళు కొంకర్లు పోయే చలిలో, పంది మాంసంలోంచి వచ్చింది. నేను అక్కడే నిలబడి రెండోది కూడా తిన్నాను. అప్పుడు ఒక్కోటి 1 యూరో 80 సెంట్లు.

పెద్దాయన మాంసం పనిలో మైస్టర్ పట్టా, అంటే ఆ వృత్తిలో ఆరితేరినట్టు పరీక్ష నెగ్గి పుచ్చుకునే పట్టా, ఉన్నవారు. రెండు జర్మనీలూ కలిసిన మరుసటి ఏడు, 1991లో, ఆ కొట్టు పెట్టారు. తెల్లవారుజామున నాలుగింటికి వెనక గదిలో కైమా పట్టి, కూరి, మెలిపెట్టి, పదింటికి పొయ్యి మీదికి తెచ్చేవారు. పచ్చి సాసేజీ. ఉడకబెట్టడం లేదు, దాచిపెట్టడం లేదు. మధ్యాహ్నం రెండింటికి అయిపోతే అయిపోయినట్టే. అయిపోయాక ఎవరొచ్చినా "రేపు రా" అనేవారు, ఊరి మేయరు వచ్చినా సరే. రోజుకు ఎన్ని పోతాయో ఆయనకు చేతి లెక్క ఉండేది. వాన పడేటట్టు ఉంటే ఇరవై తక్కువ చేసేవారు. ఆదివారం కొండల మీద నడకకు వచ్చేవాళ్ళు ఎక్కువ ఉంటారనిపిస్తే ముప్ఫై ఎక్కువ.

ఆయన నిప్పు దగ్గర నిలబడే తీరు చూడటం నాకు తిండితో సమానమైన ఇష్టం. బొగ్గులు తెల్లటి బూడిద కప్పుకునేదాకా కమ్మీల మీద ఏదీ పెట్టేవారు కాదు. పెట్టేముందు కొవ్వున్న పంది తోలు ముక్కతో కమ్మీలను ఒకసారి రుద్దేవారు, పేగు అంటుకోకుండా. కొవ్వు కారి మంట లేస్తే, బీరు సీసా మూతి మీద బొటనవేలు పెట్టి చిలకరించేవారు. నీళ్ళు చల్లితే బూడిద లేచి సాసేజీకి పడుతుందని చెప్పేవారు. ఏ సాసేజీనీ పొడిచేవారు కాదు. పట్టకారుతో మెల్లగా నొక్కి, అది తిరిగి ఉబ్బే తీరును బట్టి అయిందో లేదో చెప్పేవారు.

2022లో ఆయనకు మోకాళ్ళు పూర్తిగా మొరాయించాయి. పిల్లలు పశ్చిమాన ఉద్యోగాల్లో ఉన్నారు, ఎవరూ తిరిగి రాలేదు. కిటికీ అద్దం మీద "కొట్టు అప్పగించబడును" అన్న కాగితం ఎనిమిది నెలలు ఉంది. ఆ ఎనిమిది నెలలూ అక్కడికి వెళ్ళిన ప్రతిసారీ నా కళ్ళు ముందు ఆ కాగితాన్నే వెతికేవి.

చివరికి తీసుకున్నది సూల్ పట్టణం నుంచి వచ్చిన ఒకావిడ. నలభై దాటాయి. పన్నెండేళ్ళు ఒక క్యాంటీన్‌లో వండారు. తిండి వ్యాపారం తెలుసు, నిప్పు తెలియదు. ఇక్కడ ఒక విషయం చెప్పకపోతే ఆవిడకు అన్యాయం జరుగుతుంది. జర్మనీ చట్టంలో మాంసం పని, మైస్టర్ పట్టా తప్పనిసరైన వృత్తుల జాబితాలో ఉంది. ఆ పట్టా లేని మనిషి పొయ్యి పెట్టి కాల్చి అమ్మవచ్చు. సాసేజీలు తయారుచేసే పని సొంతంగా పెట్టుకోవాలంటే మాత్రం తనకు పట్టా ఉండాలి, లేదా పట్టా ఉన్న మనిషిని పనిలో పెట్టుకోవాలి. ఆవిడకు పట్టా లేదు. ఈ చుట్టుపక్కల ఖాళీగా ఉన్న మైస్టర్లూ లేరు. కాబట్టి కొట్టు చేతులు మారిన రోజే వెనక గదిలోని కైమా యంత్రం ఆగిపోయింది. ఊళ్ళో చాలామంది ఆవిడ ఖర్చు తగ్గించుకోవడానికి సొంత తయారీ మానేసిందని అంటారు. అది నిజం కాదు.

సాసేజీలు ఇప్పుడు వేరే పట్టణంలోని ఒక తయారీదారు దగ్గర నుంచి వారానికి రెండుసార్లు వస్తాయి. అవీ థురింగియా బ్రాట్‌వుర్స్టే, ఆ పేరు పెట్టుకునే హక్కు వాటికి పూర్తిగా ఉంది. పచ్చివైనా వేడినీటిలో ఉడికించి తీసినవైనా నియమం ఒప్పుకుంటుంది.

మొదటి కొన్ని నెలలు చెడ్డగా గడిచాయి. పెద్దాయన రెండు నెలలపాటు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఆవిడకు నిప్పు నేర్పారు. ఆయన లేని రోజుల్లో సాసేజీలు ఒక వైపు నల్లగా, ఇంకో వైపు పాలిపోయి ఉండేవి. ఒక నవంబరు బుధవారం నాకు ఇచ్చినదాని మధ్యలో చల్లగా తగిలింది. వెనక్కి తీసుకెళ్ళి చూపించాను. కొత్తగా చేరిన కుర్రవాడు తొందరలో తీసేశాడు. ఆవిడ ఒక్క మాట వాదించకుండా, సాసేజీని మధ్యకు కోసి తన వేలితో తాకి చూసి, పొయ్యి మీద ఉన్నవన్నీ మళ్ళీ లోపలి వైపుకు జరిపి, నాకు వేరేది కాల్చి ఇచ్చింది. ఆ వేలితో తాకి చూడటం నాకు నచ్చింది. అలాంటి మనిషి నేర్చుకుంటుందని ఆ రోజే అనుకున్నాను.

నేర్చుకుంది. 2024 వేసవికల్లా ఆవిడ చేతిలో నిప్పు కుదిరింది. గ్యాసు పొయ్యి పెట్టుకుంటే పని సగమవుతుందని ఎంతోమంది సలహా ఇచ్చారట. బొగ్గు రాజుకోవడానికి ముప్పావు గంట పడుతుంది, గ్యాసుకు ఐదు నిమిషాలు. ఆవిడ వినలేదు. కొవ్వు తోలు రుద్దడం, బీరు చిలకరించడం, పొడవకపోవడం, పెద్దాయన అలవాట్లన్నీ ఆవిడకు వచ్చేశాయి. అయినా తినేటప్పుడు ఏదో తగ్గిందనిపించేది. ఊళ్ళో ఒక్కొక్కరూ ఒక్కొక్క కారణం చెప్పేవారు. బొగ్గు మారిందని ఒకరు, మసాలా మారిందని ఒకరు, బన్ను మారిందని ఒకరు. ఎక్కువమంది అనే మాట, పెద్దాయన చేతి మహిమ పోయిందని.

నేను ఆర్న్‌స్టాట్ పక్కనున్న పారిశ్రామిక వాడలో నాణ్యత పరిశీలన విభాగంలో పనిచేస్తాను. ఒక లోపానికి కారణం వెతకాలంటే ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలన్నది మా పనిలో మొదటి పాఠం. అందరూ చెప్పే కారణాల్లో ఒక్కొక్కదాన్నీ పక్కకు పెట్టుకుంటూ వచ్చాను. బొగ్గు అదే బేరగాడి దగ్గరిది, బస్తా మీద అదే గుర్తు. ఆవముద్ద అప్పుడూ ఇప్పుడూ థురింగియా రాజధాని ఎర్ఫుర్ట్‌లో తయారయ్యే బోర్న్, కాస్త ఘాటుగా ఉండే రకం. బన్ను మాత్రం నిజంగానే మారింది. పక్క వీధి రొట్టెల బట్టీ మూతపడింది. ఇప్పటి బన్నులు సగం కాల్చి గడ్డకట్టించి వచ్చేవి, ఆవిడ ఓవెన్‌లో పూర్తిచేస్తుంది. పైపొర కరకరలాడుతుంది కానీ లోపల దూదిలా ఉంటుంది, సాసేజీ రసాన్ని పీల్చుకోదు. అది నాకు కొరతే. అయినా బన్ను లేకుండా ఒట్టి సాసేజీ తిన్నప్పుడు కూడా ఆ తగ్గుదల తెలుస్తూనే ఉంది. అంటే కారణం బన్నులో లేదు.

అసలు జవాబు 2025 మార్చిలో దొరికింది. ఆ నెల నుంచి ఆవిడ శనివారాలకు వేరే ఏర్పాటు చేసింది. పక్క గ్రామంలో పట్టా పుచ్చుకున్న ఒక యువ మైస్టర్, తన కొట్టుకోసం తెల్లవారుజామున చేసే పచ్చి సాసేజీల్లో కొన్నింటిని ఏడింటికల్లా ఇక్కడికి తెచ్చి ఇస్తున్నాడు. నేను ఒక శుక్రవారం మధ్యాహ్నం వెళ్ళి తిన్నాను, మర్నాడు శనివారం మళ్ళీ వెళ్ళి తిన్నాను. అదే పొయ్యి, అదే బొగ్గు, అదే చేయి, అదే ఆవముద్ద, అదే దూది బన్ను. మారింది ఒక్క సాసేజీ. శనివారం మొదటి కొరుకుకే పదకొండేళ్ళ కిందటి మరువం వాసన తగిలింది. వారం తిరిగాక మళ్ళీ శుక్రవారం, మళ్ళీ శనివారం తిని చూశాను. తేడా అంతే స్పష్టంగా ఉంది.

కారణం తెలుసుకున్నాక చిక్కంతా విడిపోయింది. వారపు రోజుల్లో ఇక్కడికి వచ్చేది వేడినీటిలో ముందే ఉడికించిన సాసేజీ. దాన్ని డెబ్బై డిగ్రీలు దాటిన నీటిలో ఉంచుతారు. మాంసంలోని మాంసకృత్తులు అక్కడే గట్టిపడి ఒక ముద్దగా కుదురుకుంటాయి. అది తెల్లగా, నున్నగా తయారవుతుంది. చల్లని పెట్టెలో చాలా రోజులు నిలుస్తుంది. పొయ్యి మీద దానికి మిగిలిన పని వేడెక్కడం, పైన రంగు తేలడం, అంతే. పచ్చి సాసేజీకి మొత్తం వంట నిప్పు మీదే జరుగుతుంది. కొవ్వు కరగడం, రసం ఊరడం, మరువం ఆకు ఆ కొవ్వులో వేగి వాసన వదలడం, అన్నీ ఆ పావుగంటలోనే, పేగు లోపలే. కొరికినప్పుడు లోపల చిన్న చిన్న ముక్కలు విడివిడిగా నాలుకకు తెలుస్తాయి. పేగు కూడా పొడిగా, పలుచగా, చిటుక్కుమనేలా మారుతుంది. ఉడికించినదాని పేగు కొంచెం సాగుతుంది.

పచ్చి కైమా నిలవ ఉండదు. చేసిన పూటే అమ్మాలి. పెద్దాయన నాలుగింటికి లేవడం, వాన చూసి లెక్క తగ్గించడం, రెండింటికి కిటికీ మూసెయ్యడం, మేయరును కూడా వెనక్కి పంపడం, ఆయన పంతాలని మేము అనుకున్నవన్నీ ఆ ఒక్క గడువు చుట్టూ తిరిగినవే. ఊరివాళ్ళు చెప్పే చేతి మహిమ నిజంగా ఆ గడువులో ఉండేది. ఇది తెలిశాక కొత్తావిడ మీద నాకున్న చిన్నపాటి కినుక పూర్తిగా పోయింది. చేయి నేర్చుకోవచ్చు, ఆవిడ నేర్చుకుంది కూడా. గడువును పాటించాలంటే మాత్రం పట్టా కావాలి, నాలుగింటికి వెలిగే వెనక గది కావాలి. అవి ఆవిడ చేతిలో లేవు.

ఇక మిగతా సంగతులు. ధర ఇప్పుడు 3 యూరోల 50 సెంట్లు. పెద్దాయన దిగిపోయేనాటికి 2 యూరోల 80 సెంట్లు. దీని మీద గొణిగేవాళ్ళను నేను సమర్థించను. 2022 అక్టోబరులో గంటకు 12 యూరోలున్న కనీస వేతనం 2025 జనవరికి 12 యూరోల 82 సెంట్లయింది. ఆవిడ ఇద్దరికి జీతమిస్తోంది. పెద్దాయన జీతమిచ్చింది ఎవరికీ కాదు, భార్యాభర్తలే అన్నీ చేసుకునేవారు. పైగా 2024 జనవరి నుంచి 2025 చివరిదాకా కూర్చుని తినే భోజనం మీద పన్ను మళ్ళీ 19 శాతం ఉండేది. చేతపట్టుకుని వెళితే 7 శాతమే. ఆవిడ లోపల కైమా గదిని కడిగించి ఆరు బల్లలు వేయించింది. లోపల కూర్చున్నా బయట నిలబడినా ఒకటే ధర పెట్టింది. ఆ తేడా తనే భరించింది.

కైమా గదిలో బల్లలు చూసినప్పుడు మొదట మనసు చివుక్కుమంది. తర్వాత అక్కడ కూర్చునేది ఎవరో గమనించాను. చేతికర్ర పట్టుకుని వచ్చే ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు. ఎత్తు బల్లల దగ్గర నిలబడలేక ఏళ్ళ తరబడి ఇక్కడికి రాని మనుషులు వాళ్ళు. మరుగుదొడ్డి ఉంది. కార్డు తీసుకుంటారు. సాయంత్రం ఏడింటిదాకా తెరిచి ఉంటుంది కాబట్టి పారిశ్రామిక వాడ నుంచి షిఫ్టు దిగి వచ్చేవాళ్ళకు వేడివేడిగా ఏదో ఒకటి దొరుకుతుంది. ఉడికించిన సాసేజీ నిలవ ఉంటుంది కాబట్టే ఈ వేళలు సాధ్యమయ్యాయి.

రోస్ట్‌బ్రేటెల్ గురించి తప్పక చెప్పాలి. పంది మెడ దగ్గరి మాంసాన్ని పలుచటి బిళ్ళలుగా కోసి, బీరు, ఆవముద్ద, ఉల్లిపాయల్లో రాత్రంతా నానబెట్టి బొగ్గుల మీద కాల్చేది. మాంసం కొనుక్కుని నానబెట్టడానికి పట్టా అక్కర్లేదు, వంట తెలిస్తే చాలు. ఇందులో ఆవిడ పెద్దాయనను దాటేసింది. ఆయనది ఒక్కోసారి బిరుసుగా ఉండేది, నిప్పు ఎక్కువై అంచులు ముడుచుకుపోయేవి. ఆవిడది మెత్తగా, ఉల్లిపాయలు తేనెరంగులో, ఆవ ఘాటు మాంసం లోపలిదాకా దిగి ఉంటుంది. 5 యూరోల 50 సెంట్లు. వారపు రోజుల్లో వెళితే నేను ఇదే తింటాను. ఆలుగడ్డ సలాడు మాత్రం పాతదే బాగుండేది. ఆవిడ మయోన్నెజ్ ఎక్కువ వేస్తుంది. పెద్దాయన భార్య వెచ్చటి మాంసం చారులో ఆలుగడ్డల్ని నానబెట్టి పుల్లదోసకాయ ముక్కలు కలిపేవారు. రెండుసార్లు ఆవిడకు ఈ మాట చెప్పాను. జనం అడిగేది మయోన్నెజే అని నవ్వింది.

మాంసం తినని వాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళే మనవాళ్ళకు ఒక మాట. నాలుగేళ్ళ కిందట అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు పెద్దాయన దగ్గర అమ్మకు దొరికింది బన్నూ ఆవముద్దా మాత్రమే. ఆయన నొచ్చుకుని డబ్బు తీసుకోలేదు. ఈ వేసవిలో అమ్మ మళ్ళీ వచ్చింది. ఇప్పుడు పుట్టగొడుగుల వేపుడు ఉంది, ఉల్లిపాయలు, వెల్లుల్లి, పైన పుల్లటి మీగడతో. కమ్మీల మీద పంది తోలు రుద్దుతారు కదా అని అమ్మ సందేహించింది. నేను అడగకముందే కొత్తావిడ విడిగా ఉన్న పెనాన్నీ, విడిగా ఉన్న గరిటెనూ తెచ్చి చూపించింది. లోపలి పొయ్యి మీద దాన్ని వేరుగా చేస్తారట. అమ్మ రెండు గిన్నెలు తింది. పై మీగడలో మరువం పొడి చల్లి ఉంది. అమ్మ వాసన పట్టేసి నావైపు చూసింది.

కెచప్ సీసా ఒకటి ఇప్పుడు బల్ల మీద కనిపిస్తుంది. పెద్దాయన రోజుల్లో కెచప్ అడిగినవాళ్ళకు ఆవముద్దే ఇంకొంచెం వేసి ఇచ్చేవారు. పిల్లలకు సరే. పెద్దవాళ్ళు దయచేసి దాని జోలికి పోవద్దు. మరువం వాసనను ఆ తీపి పూర్తిగా మింగేస్తుంది.

గత నెలలో ఒక శనివారం వరుసలో నా ముందు పెద్దాయన నిలబడి ఉన్నారు. చేతిలో కర్ర. ఎప్పుడో ఆయన చీల్చి ఇచ్చిన బన్నుల కోసం నేను నిలబడ్డ చోట ఇప్పుడు ఆయన నిలబడటం చూసి నాకు మాట రాలేదు. కొత్తావిడ ఆయనకు ప్రత్యేకంగా ఏదీ చెయ్యలేదు, వరుసలో వచ్చినట్టే ఇచ్చింది. ఆయన కొస కొరికి, నమిలి, కాసేపు పొయ్యి వైపు చూశారు. "సీమజీలకర్ర ఒక చిటికెడు ఎక్కువ పడింది," అన్నారు. "ఆ కుర్ర మైస్టర్‌కు చెప్తాను," అంది ఆవిడ. ఆయన డబ్బులు తీసి ఇంకొకటి అడిగారు. రెండూ పూర్తిగా తిని, నా వైపు తిరిగి, "నువ్వింకా ఇక్కడే ఉన్నావా?" అన్నారు. ఉన్నానన్నాను. "అయితే శనివారాలు మానకు. జనం రాకపోతే ఆ కుర్రవాడు తేవడం మానేస్తాడు," అన్నారు.

ఆయన చెప్పింది నిజం. ప్రస్తుతం శనివారానికి నూట ఇరవై పచ్చి సాసేజీలు వస్తాయి. అవి మిగిలితే ఆవిడ దాచలేదు, పారెయ్యాలి. వాన పడిన రెండు శనివారాల్లో ముప్ఫై చొప్పున పోయాయని చెప్పింది. జనం నిలకడగా వస్తే బుధవారం కూడా పచ్చివి తెప్పించాలని ఆవిడకు ఉంది. ఆ బుధవారం కోసమే ఇంత వివరంగా రాశాను. ఇల్మెనావులో చదువుతున్న పిల్లలు, ఎర్ఫుర్ట్‌లో ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు, కొండల మీదికి నడకకు వెళ్ళేవాళ్ళు, వారంలో ఎప్పుడైనా ఒకటేలే అనుకుని మంగళవారం వెళ్ళి, తిని, పాత రుచి లేదని చెప్పుకుంటూ తిరిగి రావద్దు.

శనివారం వెళ్ళండి. బొగ్గులు తొమ్మిదిన్నరకు రాజేస్తారు, మొదటి వాయి పదిన్నరకు దిగుతుంది. "పచ్చిది" అని అడగండి, పొయ్యికి ఎడమ వైపు ఉండేవి అవే. బన్ను వద్దనుకుంటే కాగితపు పళ్ళెంలో ఇస్తారు. ఎండ కాసిన రోజు పన్నెండున్నర దాటితే దొరకడం కష్టం. ఒంటిగంట రైలుకు వచ్చేవాళ్ళకు పలక తిప్పేసి కనిపిస్తుంది.